తిప్పతీగను ఎరిగిన మనిషి

బెంగళూరులో మహదేవపుర వైపు ఖాళీ సైట్లలో వేపచెట్ల మీదికి పాకే తిప్పతీగ కరోనా రోజుల్లో ఒక్కసారిగా అందరికీ కావలసినదైపోయింది. వాట్సాప్‌లో వచ్చిన కొలతలు చూసి అపార్ట్‌మెంట్ వంటగదుల్లో కషాయాలు కాచారు. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. వాళ్లు వాడింది తిప్పతీగేనా, దాని పోలికలున్న టినోస్పోరా క్రిస్పానా అని ఆయుష్ శాఖ ఎదురు ప్రశ్న వేసింది. క్రిస్పా కాడ నిండా బొడిపెలుంటాయి. తిప్పతీగ కాడకు కాగితంలా ఊడొచ్చే పలచని పొర, దాని కింద పచ్చదనం ఉంటాయి. పసరుమందు ఇచ్చే మనిషికి ఈ తేడా వేలితో తడిమితే చాలు, తెలిసిపోతుంది. మొక్కను మాత్రం తెచ్చుకుని, దాన్ని ఎరిగిన మనిషిని అడవిలోనే వదిలేయడంతో ప్రమాదం మొదలైందని నా అభిప్రాయం.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. 2022లో పలు ఆసుపత్రుల్లోని 43 మంది రోగులను పరిశీలించిన అధ్యయనం అసలైన తిప్పతీగనే వేలెత్తి చూపింది. శరీరం తన కాలేయం మీద తానే తిరగబడే జబ్బు లోపల దాగి ఉన్నవారికి అది హాని చేయవచ్చంది. ఆ సంగతి ఏ నాటువైద్యుడికీ చేయి చూసి తెలియదు, రక్తపరీక్ష కావాలి. ఒప్పుకోవాల్సిందే. అయితే రక్తపరీక్ష చేసే డాక్టరుకూ కషాయంలో పడ్డ కాడ ఏదో చెప్పేవాళ్లు కావాలి కదా! ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టే ప్రయత్నం ఈ నగరంలోనే జరిగింది. 1993లో మొదలైన, యలహంక దగ్గర ఉన్న స్థానిక వైద్య సంప్రదాయాల సంస్థ ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ, క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కలిసి నాటువైద్యులను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి తెచ్చాయి. దొంగ వైద్యులకు లైసెన్సు ఇచ్చినట్టే కదా అంటారు కొందరు. ఎముకలు కట్టడం, కామెర్లు, మంత్రసానితనం అంటూ ఎవరి విద్యకు వారినే పరీక్షించి, ఆ గీత దాటవద్దనడం లైసెన్సు కన్నా కళ్లెంలాగే కనిపిస్తుంది నాకు.

ఇక మొక్కను ఎరిగినవారికి దక్కే డబ్బు మాట. 1987లో అగస్త్య కొండల్లో ఆరోగ్యపచ్చ మొక్కను శాస్త్రవేత్తలకు చూపింది కాణి గిరిజనులు. దాంతో తయారైన 'జీవని' మందు లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం వాటా వారికి దక్కింది. 2023లో సవరించిన జీవవైవిధ్య చట్టం మాత్రం గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని ఇలాంటి పంపకం నుంచి మినహాయించింది. తిప్పతీగ ఆయుర్వేద గ్రంథాల్లో ఉన్నదే. అడవిలో దాన్ని గుర్తుపట్టి కోసుకొచ్చే మనిషి పేరు మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు.