రోకటికి పొన్ను

తిరువూరు చుట్టుపక్కల మెట్టపొలాల్లో మిరపా మామిడీ రెండూ పండుతాయి. ఎండాకాలం వస్తే ఆవకాయ, దానికి ముందు కారం దంపుళ్లు. కారం చక్కగా దంగాలంటే రోకలి బరువు కన్నా ముందు దాని కొసనున్న ఇనుప కట్టును చూడాలి. దాని పేరు పొన్ను.

కర్రకో దంతానికో కొసన తొడిగే లోహపు వలయం ఏదైనా పొన్నే. రోకటికి ఇనుముది, పెద్దవాళ్ల చేతికర్రకు వెండిది, గుడి ఏనుగు దంతాలకు ఇత్తడిది. తమిళులు దీన్ని పూణ్ అంటారు. వాళ్ల భాషలో ఆ మాటకే నగ అనీ, ధరించడమనీ అర్థాలున్నాయి. మన ‘పూను’ కూడా ఆ కుదురులోదే. నగా కాపుదలా ఒకే మాటలో ఒదిగాయంటే, ఆ పేరు పెట్టినవాళ్లకు ఆ రెండూ వేరుగా తోచలేదన్నమాట.

ఎంత చేవ ఉన్న తుమ్మకర్రయినా నిలువు పీచే. పోటు పడ్డప్పుడల్లా కొస పక్కలకు విచ్చుకోవాలని చూస్తుంది. విచ్చుకుంటే చీలుతుంది, చీలితే పేళ్లు కారంలో కలుస్తాయి. ఆ పీచును బిగించి పట్టేదే పొన్ను.

దాన్ని ఎక్కించడంలోనే కమ్మరి పనితనమంతా ఉంది. ఇనుప పట్టీని కొలిమిలో కాల్చి, దాగలి మీద గుండ్రంగా వంచుతాడు. రెండు కొసలూ ఒకదానిమీదొకటి వేసి, తెల్లగా కాగిన వేడిలో సమ్మెటతో అతుకుతాడు. వలయం కర్ర కన్నా వెంట్రుకవాసి చిన్నదిగా ఉండాలి. కొసను బాడిసతో చెక్కి సరిచేశాక, ఎర్రగా కాలిన పొన్నును పట్టుకారుతో తొడిగి దిగగొడతాడు. పొగ లేస్తుంది, వెంటనే నీళ్లు. ఇనుము ముడుచుకుని కర్రను కరుస్తుంది. మేకు లేదు, జిగురు లేదు.

ఏడు సెంటీమీటర్ల వలయం ఆరువందల డిగ్రీల వేడికి సాగేది సుమారు అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటరులోనే బిగువంతా. కొలత ఎక్కువైతే జారిపోతుంది, తక్కువైతే ఎక్కదు. కొలబద్ద లేకుండా కంటితోనే దీన్ని పట్టే చేతిని నేను పెద్ద విద్యగానే లెక్కిస్తాను. ఎద్దుబండి చక్రంలో పూటీల మీద ఇనుప పట్టా ఎక్కించడమూ ఇదే సూత్రం. అయిదడుగుల చక్రానికి సాగుదల సెంటీమీటరు దాకా వస్తుంది. పట్టా అంత పెద్దది గనక అక్కడ చుట్టూ పిడకల మంట పెట్టి, నలుగురు కలిసి పట్టాలి.

పెళ్లికి పసుపు దంచే రోజున రోకటికి పసుపు రాసి తోరం కడతారు. ఆ ముస్తాబు అయ్యాక కూడా పని చేసేది పొన్నే.

ఇప్పుడు కారం మిల్లుకు వెళ్తోంది, నిజమే. అయినా దంచిన కారం రుచి తెలిసినవాళ్లు ఇంకా రోకలి కొంటున్నారు. కొనేటప్పుడు తలకిందులుగా తిప్పి చూడండి. పొన్నుకూ కర్రకూ మధ్య గోరు దూరే సందు ఉండకూడదు. మేకు కొట్టి ఉంటే వలయం వదులని అర్థం. వాడకుండా ఎండిపోయి వదులైతే కొసను ఒక రాత్రి నీళ్లలో నానబెట్టండి, కర్ర ఉబ్బి పట్టుకుంటుంది. అప్పటికీ ఆగకపోతే మళ్లీ కొలిమికే.