గాడ్జిల్లా ఎంతసేపు కనపడాలి?

తెర నల్లగా ఉంటుంది. కథ ఇంకా మొదలు కాలేదు. ధన్‌మని ఒక అడుగు పడుతుంది. మళ్లీ ఇంకొకటి. వెనకే, ఏ జంతువుదో పోల్చుకోలేని ఒక అరుపు. ఆ తర్వాతే సంగీతం అందుకుంటుంది. 1954 నవంబరు 3న జపాన్‌లో విడుదలైన మొదటి గాడ్జిల్లా సినిమా ఇలా మొదలవుతుంది. ఒక్క దృశ్యమైనా చూపకముందే దర్శకుడు ఇషిరో హోండా రెండు సంగతులు మన చెవిన వేసేశాడు: వచ్చేది మహా బరువైనది; అది కోపంతోనో బాధతోనో ఉంది.

ఆ అరుపు ఏ జూలోనూ దొరికింది కాదు. సంగీత దర్శకుడు అకిరా ఇఫుకుబే ఆలోచనతో, డబుల్ బేస్ తీగలు వదులు చేసి, రెసిన్ పూసిన తోలు గ్లవ్‌తో వాటిని రాపిడి చేసి రికార్డు చేశారు. తర్వాత ఆ రికార్డింగు వేగం మార్చారు. ప్రాణమున్న గొంతులా వినిపిస్తుంది, కానీ ఏ గొంతుకూ సరిపోదు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ సినిమా వారసులు ఆ అరుపును వదులుకోలేకపోతున్నారు.

సినిమా నిడివి 96 నిమిషాలు. జంతువు తల మొదటిసారి బయటపడేసరికి ఇరవై నిమిషాలు దాటుతాయి. తర్వాత కూడా అది వచ్చిపోతూ ఉంటుందే తప్ప తెర మీద తిష్ఠ వేయదు. పెద్ద జంతువుల సినిమాలు ఇష్టపడేవాళ్లలో ఒక పాత తగువు ఉంది. టైటిల్ దానిది, పోస్టర్ దానిది, తీరా లోపల అది కనిపించేది కాసేపే, ఇదేం న్యాయం అని. స్టాప్‌వాచ్ పట్టుకుని లెక్కలు తీసేవాళ్లూ ఉన్నారు. ఆ లెక్క నాకూ సరదాగానే ఉంటుంది, కానీ దానితో తేలేది తక్కువ. జంతువు లేని నిమిషాలు జంతువు కోసం ఎంత పని చేశాయన్నది స్టాప్‌వాచ్‌కు అందదు. ఆ పని ఎలా చేయించాలో హోండాకు తెలిసినంతగా తర్వాత వచ్చిన చాలామందికి తెలియలేదు.

మొదటి దృశ్యం ఎయికో-మారు అనే ఓడ. డెక్ మీద నావికులు తీరుబడిగా వాయిద్యాలు వాయించుకుంటున్నారు. ఉన్నట్టుండి సముద్రం తెల్లగా మరిగి, కళ్లు చెదిరే వెలుగు చిమ్ముతుంది. ఓడ మంటల్లో మునిగిపోతుంది. జాడ వెతకబోయిన బింగో-మారు కూడా అంతే. ఓడల కంపెనీ ఆఫీసులో నావికుల ఇళ్లవాళ్లు గుంపుగా చేరి సమాధానం చెప్పమని నిలదీస్తుంటారు. ఇక్కడ రాక్షసి అవసరమే లేదు, ఎందుకంటే ఆనాటి జపాన్ ప్రేక్షకుడి మనసులో ఈ దృశ్యం అప్పటికే ఉంది. అదే ఏడాది మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్షించినప్పుడు, దైగో ఫుకుర్యూ-మారు అనే చేపల పడవ మీద తెల్లని బూడిద వానలా రాలింది. పడవలోని 23 మందీ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబొయామా సెప్టెంబరు 23న చనిపోయాడు. సినిమా హాలుకు రావడానికి అప్పటికి ఆరు వారాలే ఉంది. సముద్రం మీద తెల్లని వెలుగు చూపిస్తే చాలు, మిగతాది చూసేవాళ్లే పూరించుకున్నారు.

తర్వాత ఓడో దీవి. నా దృష్టిలో సినిమా మొత్తంలో పనితనం ఎక్కువగా పోగుపడింది ఇక్కడే. చేపలు పడటం లేదు. ఒక ముసలాయన ఇది గొజిరా (గాడ్జిల్లా జపాన్ పేరు) పని అంటే కుర్రకారు నవ్వుతుంది. రాత్రి ముసుగులు వేసుకుని పాతకాలపు నాట్యం ఒకటి చేస్తారు. పూర్వం ఆడపిల్లల్ని బలిచ్చేవారట, ఇప్పుడు ఆ నాట్యం మాత్రమే మిగిలింది. అదే రాత్రి గాలివాన. మునిగిన పడవ నుంచి బతికి బయటపడిన మసాజీ ఇంట్లో ఉలిక్కిపడి లేస్తాడు. అతను చూసింది మనకు సరిగ్గా చూపించరు. ఇల్లు ఊగి, అతని మీదా తల్లి మీదా కూలిపోతుంది. బయట ఉన్న తమ్ముడు గాలివానలో కేకలు వేస్తుంటాడు. ఇది గాలి పనా, ఇంకోదాని పనా? తర్వాత సాక్షులు చెప్పే మాటల్లోనూ ఆ అనుమానం తీరదు.

అప్పుడు శాస్త్రజ్ఞుడు యమానే పరిశోధక బృందంతో దీవికి వస్తాడు. ఈ పాత్ర తకాషి షిమురాది. అదే ఏడాది కురొసావా 'సెవెన్ సమురాయ్'లో సమురాయ్‌ల పెద్దగా నటించినవాడే. కాలు మోపేంత నటన చాలనుకునే సినిమాకు అంతటి నటుణ్ణి తేవడం ఊరికే జరగలేదు. నేలలో పెద్ద గుంట ఉంటుంది. అది అడుగుజాడ. అందులో రేడియోధార్మికత. దాంట్లోనే ఎప్పుడో అంతరించిపోయిన ట్రైలోబైట్ ఒకటి. షిమురా దాన్ని చేతిలోకి తీసుకుని చూసే చూపులో భయం కంటే సంతోషం ఎక్కువ. మనం భయపడాల్సినదాన్ని చూసి ముచ్చటపడే మనిషి ఒకడు కథలోకి వచ్చాడు. ఆ చిక్కు చివరిదాకా విడదు.

ఇంతలో గంట మోగుతుంది. ఊరంతా కొండ మీదికి పరుగెడుతుంది. వాళ్లు ఎక్కుతున్న కొండకు అవతలి వైపు నుంచి తల లేస్తుంది. పట్టపగలు. తలా భుజాలూ, అంతే. ఇక్కడ కొండే కొలబద్ద. జంతువు ఎత్తెంతో ఎవరూ చెప్పనక్కర్లేదు. మనుషులు ఆయాసపడుతూ ఎక్కిన కొండకు అది గోడ మీదుగా తొంగిచూసినట్టు తల పెట్టింది. జనం వెనక్కి పరుగు తీస్తారు. తర్వాత కొండ పైనుంచి చూస్తే కింద ఇసుకలో అడుగుజాడలు, తోక ఈడ్చిన చార, అవి సముద్రంలోకి దిగిపోయాయి. చూపించాడు, మళ్లీ జాడగా మార్చేశాడు.

హీరో ఎంట్రీలకు అలవాటుపడ్డ తెలుగు ప్రేక్షకుడికి ఇందులో సగం తెలిసినదే. ముందు చెప్పుల చప్పుడు, గాల్లోకి లేచిన సుమో, రౌడీ కళ్లలో భయం, ఆఖరున ముఖం. అయితే మన దగ్గర ముఖం కనపడగానే ఈలలు మోగుతాయి, దాచిపెట్టడం అక్కడితో సరి. హోండా ఈలకు సందు ఇవ్వడు.

ఇలా దాచడంలో కళ ఎంతో, గత్యంతరం లేకపోవడమూ అంతే. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన ఎయిజి త్సుబురాయాకు 1933 నాటి 'కింగ్ కాంగ్' అంటే ప్రాణం. అందులో విల్లిస్ ఓబ్రియన్ చేసినట్టు బొమ్మను కొంచెం కొంచెం కదుపుతూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీయాలని ఆయన కోరిక. తోహో స్టూడియో ఇచ్చిన గడువులో అది కుదిరే పని కాదు. దాంతో మనిషికి తొడుగు వేశారు. తొడుక్కున్నవాడు హరువో నకాజిమా. మొదటి తొడుగు వంద కిలోలకు తగ్గని బరువు. అందులో నడవడమే గగనం. దాన్ని ముక్కలు చేసి కాళ్లు మాత్రమే కనపడే షాట్లకు వాడుకుని, ఇంకొకటి తయారు చేశారు. నడక నేర్చుకోవడానికి నకాజిమా జూకు వెళ్లి ఏనుగులనూ ఎలుగుబంట్లనూ గమనించాడు.

గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లని నిర్ణయించారు. నమూనా టోక్యోను 25వ వంతు కొలతతో కట్టారు. అంటే తొడుగులోని మనిషి రెండు మీటర్లుంటే సరిపోతుంది. లెక్క చక్కగానే కుదిరింది గానీ భూమ్యాకర్షణ ఈ లెక్కకు లొంగదు. 25వ వంతు ఎత్తు నుంచి పడే గోడ అయిదో వంతు సమయంలోనే నేలను తాకేస్తుంది. మామూలు వేగంతో తీస్తే బొమ్మరిల్లని కన్ను పట్టేస్తుంది. అందుకే కెమెరాను వేగంగా తిప్పారు. తెర మీద గోడ నెమ్మదిగా, బరువుగా ఒరుగుతుంది, అడుగు నెమ్మదిగా దిగుతుంది. కెమెరా వేగం పెరిగితే వెలుతురూ ఎక్కువ కావాలి. తెర మీద చీకటి రాత్రి, సెట్లో మండిపోయే లైట్లు, వాటి కింద రబ్బరు తొడుగులో మనిషి. కొద్ది నిమిషాలకు మించి నిలబడలేని పరిస్థితి. గాడ్జిల్లా ప్రతి నిమిషమూ ఎంత ఖరీదైనదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. రాత్రిని ఎంచుకోవడంలోనూ తెలివి ఉంది. నలుపు తెలుపు ఫిల్ములో రాత్రి అతుకులన్నిటినీ మింగేస్తుంది. వెనక మంటలుంటే ఆ ఆకారం అంచు ఒక్కటే మెరుస్తుంది.

ఇంత పొదుపు చేసినవాడు ఖర్చు పెట్టాల్సిన చోట చెయ్యి వెనక్కి తీయడు. టోక్యో మీద రెండో దాడి నిజంగా పొడుగ్గా సాగుతుంది. వెన్ను మీది పలకలు వెలిగి, నోటి నుంచి తెల్లని ఆవిరిలాంటి జ్వాల వచ్చి, కరెంటు స్తంభాలు మైనంలా కరుగుతాయి. గింజాలోని గడియారపు గోపురం గంట కొట్టడమే నేరమైనట్టు దాన్ని కూల్చేస్తుంది. పార్లమెంటు భవనం గుండా నడిచిపోతుంది. ఇదంతా ఆకాశం నుంచి చూసే వినోదంగా మారకుండా హోండా మధ్యమధ్యలో మనల్ని నేల మీదికి దించుతుంటాడు. ఒక గోడ పక్కన పిల్లల్ని కౌగిలించుకుని కూర్చున్న తల్లి, ఇంకాసేపట్లో నాన్న దగ్గరికి వెళ్లిపోతామని వాళ్లకు చెబుతుంది. ప్రసార గోపురం మీది అనౌన్సర్ జంతువు తన మీదికే వస్తున్నా వ్యాఖ్యానం ఆపక, చివరికి శ్రోతల దగ్గర సెలవు తీసుకుంటాడు. ఆ పిల్లల తండ్రి యుద్ధంలో పోయాడని ఎవరూ విడమరిచి చెప్పరు. తొమ్మిదేళ్ల కిందటే తగలబడ్డ ఊరికి చెప్పక్కర్లేదు.

తెల్లవారాక ఆసుపత్రి. వరండాల నిండా గాయపడ్డవాళ్లు. ఒక పసిబిడ్డ దగ్గర గైగర్ కౌంటర్ పెడితే అది చప్పుడు చేస్తుంది. డాక్టరు తల అడ్డంగా ఊపుతాడు. జంతువు సముద్రంలో ఎక్కడో ఉంది. కానీ ఈ సన్నివేశంలో ఉన్నంతగా అది సినిమాలో మరెక్కడా లేదంటాను నేను.

ఇది నా పక్షపాతం అనేవాళ్లకు 1956 నాటి అమెరికన్ కూర్పు జవాబు చెబుతుంది. 'గాడ్జిల్లా, కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్!' పేరుతో దీన్ని అక్కడ విడుదల చేసినప్పుడు, విలేఖరి పాత్రలో రేమండ్ బర్‌ను కొత్తగా చేర్చి, మొత్తం నిడివిని 80 నిమిషాలకు దించారు. విధ్వంసం చాలావరకు ఉంచారు, మనుషుల్ని కోశారు. నాగసాకి నుంచి బతికి బయటపడింది దీనికోసమా అని రైలులో ఒకామె విసుక్కునే సన్నివేశం పోయింది. సినిమా మొదలయ్యేదే శిథిలమైన టోక్యోతో. అంటే ఓడో దీవి రాకముందే ముడి విప్పేశారు. జంతువు వాటా పెరిగింది, దాని బరువు మాత్రం తగ్గింది. బర్ మంచి నటుడే, పాపం అతన్ని అనడానికి లేదు.

స్టాప్‌వాచ్ తగువు బాగా ముదిరింది గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన 2014 గాడ్జిల్లాతో. రెండు గంటల పైచిలుకు సినిమాలో టైటిల్ పాత్ర మొత్తం కలిపి పది నిమిషాలకు అటూ ఇటూ. హొనొలులు విమానాశ్రయంలో పెద్ద పాదం దిగుతుంది, కెమెరా పైకి పాకుతుంది, అరుపు వినపడుతుంది, ఇక పోరు మొదలనగానే ఠక్కున కట్ చేసి, ఇంట్లో పిల్లవాడు టీవీలో ఆ పోరు చూస్తున్నట్టు చూపిస్తారు. హాల్లో చాలామంది తిట్టుకున్నారు, నాకు మాత్రం ఆ కొంటెతనం నచ్చింది. సైనికులు పారాచూట్లతో ఎర్రటి పొగ వదులుతూ మబ్బుల్లోంచి దూకే ఘట్టంలో, మబ్బు సందుల్లో జంతువు ఒళ్లు లీలగా కదలడం ఈ కోవలోకెల్లా గొప్ప పని. చిక్కు వేరేచోట ఉంది. దాచిపెట్టిన కాలమంతా నింపాల్సిన సైనికుడి పాత్రలో మనల్ని పట్టి ఉంచే సరుకు లేదు. స్పీల్‌బర్గ్ 'జాస్'లో యంత్రపు సొరచేప ఉప్పునీళ్లలో మొరాయిస్తే పసుపు పీపాలతో పని నడిపించాడు, కానీ పడవ మీద ముగ్గురు మనుషులున్నారు. ఎడ్వర్డ్స్‌కు డబ్బూ ఉంది, జంతువూ సిద్ధంగా ఉంది. తక్కువైంది యమానే లాంటి ఒక మనిషి.

2023లో తకాషి యమజాకి తీసిన 'గాడ్జిల్లా మైనస్ వన్' తలకిందుల దారి పట్టింది. 1945లో అదే ఓడో దీవి మీద, సినిమా మొదలైన కొద్దిసేపటికే జంతువును నిండుగా చూపించేస్తుంది. కామికాజే దళం నుంచి తప్పించుకువచ్చిన పైలట్ షికిషిమా తుపాకీ పేల్చలేక కొయ్యబారిపోతే, మెకానిక్కులు అతని కళ్లముందే చచ్చిపోతారు. అక్కణ్నుంచి జంతువు తెర మీద లేని ప్రతి నిమిషమూ అతని నిద్రలో ఉంటుంది. దర్శకుడే విజువల్ ఎఫెక్ట్స్ పర్యవేక్షకుడు కూడా కావడం, 35 మందితో 610 షాట్లు చేసి ఆస్కార్ తెచ్చుకోవడం అందరికీ తెలిసిందే. రాసేవాడే ఖర్చు లెక్క చూసుకునేవాడైనప్పుడు షాట్ వృథా పోదు. చెక్కపడవ వెనక పట్టపగలు జంతువు తల నీళ్లను చీల్చుకుంటూ తరుముకొచ్చే ఘట్టంలో ఆ పొదుపు ఫలితం కనపడుతుంది. దానికి ముందు యమజాకి వాడిన సామగ్రి చాలా చవకైనది. లోతు సముద్రపు చేపలు పొట్టలు ఉబ్బి నీటిపైన తేలతాయి. ఒకసారి చూశాక రెండోసారి ఆ చేపలు తేలగానే షికిషిమాతోపాటు మనమూ కుర్చీ అంచుకు జరుగుతాం, జంతువుకు ఇంకా ఒక్క ఫ్రేమూ ఖర్చు కాకుండానే.