తాడు పట్టినవారెవరు?

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు బాట హాజీపూర్ దాటి, ఘాటు మలుపులెక్కి, అమ్రాబాదు పీఠభూమిపై అడుగిడినంతనే ఎదురగు ఊరు మన్ననూరు. ఇచ్చటి అటవీశాఖవారి చెక్‌పోస్టు గేటు రాత్రి తొమ్మిదింటికి మూయబడి తెల్లవారి ఆరింటికి తెరవబడును. ఆ నడిమి కాలము రహదారి పులులకును దుప్పులకును విడువబడును. బాటసారులకు ఈ ఊరు ఒక చాయ త్రాగి సాగిపోవు మజిలీ మాత్రమే. ఇచ్చటి బిడ్డలకు మరియొక గేటు కలదు: ఏప్రిల్ చివరివారమున మూతపడి జూన్ 12వ తేదీన గాని తెరుచుకొనని బడి గేటు. ఆ ఏడు వారములు బిడ్డలు దేనికి విడువబడుచున్నారని ఒకనాడు నాకు కలిగిన శంకయే, నాలుగు వేసవులనుండి నేను నడుపుచున్న చిన్న పుస్తక గోష్ఠికి మూలము. గోష్ఠి యనునది నేను పెట్టుకొన్న పెద్ద పేరు. పిల్లలు దానిని ‘కతల బడి’ యందురు. వారి పేరే నిలిచినది.

ఉద్యోగకాలమంతయు ప్రాథమిక పాఠశాలలలోనే గడపినవాడనగుటచే జూన్ మాసపు మొదటి పాఠము తెచ్చు దైన్యము నాకు బాగుగ తెలియును. మార్చి నెలలో ఒత్తులను తడబడక దాటుచు, వ్రేలు పెట్టి యైనను ఒక పుట చివరకు చేరనేర్చిన రెండవ తరగతి బాలిక, జూన్‌లో ‘క్ష’ కనబడినంతనే ఆగిపోయి, వాగు నడుమ చిక్కిన మేకపిల్లవలె నా ముఖము చూచును. అది ఆ బాలిక దోషము కాదు. ఆ ఏడు వారములలో ఆమె కంటబడిన అక్షరములు బస్సుపై బోర్డును, బిస్కట్టు పొట్లపు పేరును మాత్రమే. బార్బరా హెయిన్స్ అను సమాజశాస్త్రవేత్త అమెరికాలోని అట్లాంటా నగరపు పిల్లలను పరిశీలించి 1978లో ప్రకటించిన గ్రంథమున, కలవారి బిడ్డలకును లేనివారి బిడ్డలకును చదువునందలి ఎడము బడి నడచు నెలలకంటె వేసవిలోనే హెచ్చగుచున్నదనియు, ఆ సెలవులలో చదివిన పుస్తకములకును చదువు నిలుచుటకును సంబంధము కలదనియు చూపినది. అట్లాంటా ఎక్కడ, మన్ననూరు ఎక్కడ! అయినను ఆ మాట చదివినప్పుడు నా కన్నుల ముందు మెదలినది మా ఊరి ఎండయే.

మొదటి వేసవిని తలచుకొన్నచో నాకిప్పటికిని సిగ్గు కలుగును. ఉదయము పదింటికి గోష్ఠి యని చీటీ వ్రాసి అంటించితిని. ఉపాధి హామీ పనికి ప్రొద్దు పొడువకముందే తలిదండ్రులు పోగా, ఇంట తమ్ముని ఎత్తుకొని, నీళ్ళు పట్టి, మేకలను తోలు ఎనిమిదేండ్ల పిల్లకు పదింటికి తీరిక ఎక్కడిదని నాకు తోచలేదు. పుస్తకముల సంగతియు అట్లే యయ్యెను. పట్టణమునుండి ఒక దాత పంపిన పెద్ద పెట్టెను పిల్లలందరును చుట్టుమూగి చూచుచుండగా ఆర్భాటముగ విప్పితిని. అందు పాత సంవత్సరముల డైరీలును, పోటీ పరీక్షల గైడులును, అట్టలూడిన ఇంగ్లీషు నిఘంటువును ఉండెను. దానము పేర వచ్చునదంతయు పుస్తకము కాదని ఆనాడు నేర్చితిని.

అన్నిటికంటె పెద్ద దోషము నాలోనే యుండెను. కథ ముగిసినంతనే, ముప్పదియేండ్ల అలవాటు చొప్పున, “ఈ కథలో నీతి ఏమి?” అని అడుగుచుంటిని. అంతవరకు నోరు తెరచి వినుచుండిన పిల్లలు ఆ ప్రశ్న వినబడినంతనే చేతులు కట్టుకొని, వెన్ను నిటారుగ చేసికొని, “అబద్ధం ఆడొద్దు సార్” అని ఏకకంఠముగ అప్పగించుచుండిరి. కథ యేదైనను సమాధానమదే. నక్క ద్రాక్షపండ్లకు ఎగిరినను అదియే, తాబేలు పందెము గెలిచినను అదియే. ఇరువదిమందితో మొదలైన గోష్ఠి మూడవ వారమునకు ఐదుగురికి దిగినది. ఆ ఐదుగురిలో ఇద్దరు నా మనుమలు.

రెండవ వేసవిలో వేళను, చోటును మార్చితిని. సాయంకాలము నాలుగున్నరకు, ఎండ చింతచెట్టు ఆవలికి ఒరిగిన పిదప, వారమునకు మూడు దినములు. చంకన తమ్ముని తెచ్చుకొనువారు తెచ్చుకొనవచ్చును. పసివాడు ఏడ్చినచో కథ ఆగును, ఊరుకొన్నచో సాగును. పెట్టెలో దొంతరగ పేర్చిన పుస్తకమునకు వీపు తప్ప ముఖము కనబడదు గాన, చింతమ్రానునకును ఎదుటి కరెంటు స్తంభమునకును దండెము కట్టి, బట్టలారవేయు క్లిప్పులతో పుస్తకములను అట్ట కనబడునట్లు వ్రేలాడదీసితిని. గాలికి అవి ఊగుచుండగా పిల్లలు వచ్చి, మామిడికాయను ఎంచినట్లు, ఒకదానిని ముట్టి, మరియొకదానిని త్రిప్పి, తుదకు ఒకటి కోసికొందురు. నాలుగు పుటలు చదివి నచ్చనిచో మరల తగిలించవచ్చును. ఎందుకు నచ్చలేదని ఎవరును అడుగరాదు. ఎంచుకొను స్వేచ్ఛ ఎంత ముఖ్యమో, విడుచు స్వేచ్ఛయు అంత ముఖ్యమని నాకు బోధపడుటకు ముప్పదియేండ్లు పట్టినది.

పైకి చదివి వినిపించుటయు ఒక విద్యయే. పుస్తకమును నా ముఖమునకు అడ్డము పెట్టుకొనక, భుజము ప్రక్కన బొమ్మ పిల్లల వైపునకు తిరిగియుండునట్లు పట్టుకొని, ఓరచూపుతో చదువుట మొదట మెడకు నొప్పి కలిగించును, పిదప అలవాటగును. పుట త్రిప్పుటకు ముందు ఒక్క క్షణము ఆగవలెను. ఆ క్షణములోనే పిల్లవాడు తరువాత ఏమగునో తనలో తాను అల్లుకొనును. తొందరపడి త్రిప్పితిమా, ఆ అల్లికను త్రెంపినవారమగుదుము. పుట త్రిప్పుటకు ముందు ఆగుట నేర్చితిని గాని, కథ ముగిసిన పిదప ఆగుట నాకు అప్పటికింకను రాలేదు. అది నేర్పినవాడు మూడవ తరగతి చదువు చెంచుబిడ్డ.

ఆనాడు చదివినది అడవి బ్రతుకును గురించిన ఒక బొమ్మల పుస్తకము. అందొక పుటలో ఒకడు కొండచరియ నడుమ వ్రేలాడుచు తేనెతుట్టెకు చేయి చాచుచుండును. క్రింద లోయ, పైన నీలాకాశము. కథ ముగిసినది. అలవాటైన ప్రశ్న నాలుక చివరకు వచ్చుచుండగా, ఆ బాలుడు మోకాళ్ళపై ముందునకు జరిగి బొమ్మను వ్రేలితో తాకి,

“సార్, గీ తాడు ఎవలు పట్టుకున్నరు?” అనెను.

“ఏ తాడురా?”

“తేనెకు దిగినోని తాడు. పైన ఎవ్వలు లేరు గద. బావమర్ది ఉండాలె.”

కొందరు నవ్విరి. “పుస్తకములో అది లేదురా” యని చెప్పి ముందునకు పోవుట నాకు క్షణకాలపు పని. ఏమి తోచియో ఊరకుంటిని. ఆ నిశ్శబ్దములో కిరాణా దుకాణమువారి బాలిక, “బావమర్దే ఎందుకు?” అని అడిగినది.

“ఆయన ఇడిస్తే వాళ్ళ అక్కనే ఆగమైతది గద! గందుకే ఇడువడు.”

నవ్వు ఆగిపోయెను. తీగెలతో తాడు పేనుట, పొగ పెట్టుట, చరియ క్రిందికి దిగినవాడు పైనున్నవానికి కనబడడు గాన గొంతుతోనే ఒకరినొకరు తెలిసికొనుట, తుట్టెలో కొంత విడిచి వచ్చుట, ఇవన్నియు ఆ బాలుడు పావుగంటసేపు చెప్పెను. బడిలో ఏడాదికి నాలుగు మాటలు పలుకనివాడు! బంధుత్వమును, ప్రాణమును ఒక్క తాటికి ముడివేసిన ఆ తరతరముల వివేకమునకు ముందు నా ‘అబద్ధమాడరాదు’ అను నీతి ఎంత వెలవెలబోయినదో వేరుగ చెప్పనేల? మరునాడు ఆ బాలుడు ఆ పుస్తకమును ఇంటికి కొనిపోయి, తిరిగి తెచ్చినప్పుడు, కొండకొనపై పెన్సిలుతో ఒక మనిషి కూర్చుండియుండెను. వాని రెండు చేతులలోను తాడు కలదు.

పుస్తకముపై గీతలు గీయరాదని నేను పెట్టిన నియమమొకటి కలదు. దానిని ఆనాడు నేనే మీరి, ఆ పుస్తకమును దండెముపై అన్నిటికంటె ముందు తగిలించితిని.

గుజరాతు దేశమున గిజుభాయి బధేకా 1932లో వ్రాసిన ‘దివాస్వప్నము’ను ఉపాధ్యాయ శిక్షణాకాలమున చదివియుంటిని. అందలి ఉపాధ్యాయుడు పాఠమునకు ముందు కథ చెప్పుటతోనే తన ప్రయోగమును ఆరంభించును. పరీక్ష కొరకు చదివిన గ్రంథము పరీక్షతోడనే మరపునకు వచ్చినది. దాని అర్థము చింతచెట్టు క్రింద గాని నాకు తెలియలేదు. కథ చెప్పుట సగము పని, చెప్పిన పిదప నోరు మూసికొనుట తక్కిన సగము. ఆ రెండవ సగమే కష్టము. ఉపాధ్యాయునకు నిశ్శబ్దమనగా భయము. ఆ నడుమ తరగతి చేజారునేమో యని అతడు ప్రశ్నలతో దానిని పూడ్చును. పిల్లవాని మాట మొలకెత్తు నేల ఆ నిశ్శబ్దమే. ఇప్పుడు కథ ముగియగనే పుస్తకము మూసి ఒడిలో పెట్టుకొని, ఎవరో ఒకరు మాటలాడువరకు చింతాకులను లెక్కించుచుందును. ఎవరును మాటలాడని దినములును కలవు. అప్పుడు తరువాతి కథ చదువుదును; అంతే.

హైమెన్‌డార్ఫ్ అను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఈ కొండలలో చెంచువారి నడుమ తిరిగి, వారి జీవనముపై 1943లో ఒక ఉద్గ్రంథమును ప్రకటించెను. పండితుల అలమరలలో చెంచువారికి చోటు దొరకి ఎనుబదేండ్లు దాటినది. చెంచుబిడ్డ చేతికందు బొమ్మల పుస్తకమున మాత్రము అతని తండ్రి ఇంకను తాడు పట్టువాడు లేకయే వ్రేలాడుచున్నాడు. ఆ బొమ్మ వేసినవారిని నేను నిందింపను. వారికి చెప్పినవారు లేరు. చెప్పగలవాడు మూడవ తరగతి చదువుచున్నాడని ఎవరు ఊహింతురు?

తెలుగునాట పుస్తకము జనులను వెదకికొనుచు పోయిన కాలమొకటి కలదు. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1904లో హనుమకొండయందు రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. అటుపిమ్మట కృష్ణా డెల్టా కాలువలపై పాతూరి నాగభూషణముగారు పడవలలో పుస్తకములను ఊరూర త్రిప్పిరి. మాకు కాలువలు లేవు, పడవలు లేవు. ఒక సైకిలు, దాని వెనుక ఒక వెదురు గంప కలవు. నడచి రాలేని గుడిసెలవారి పిల్లలకొరకు గంపెడు పుస్తకములు ఆ సైకిలుపై వెళ్ళి వచ్చుచుండును. ఊడిన పుటలకు మైదాపిండి ఉడికించిన జిగురును, చినిగిన వీపునకు పాత పంచె పేలికయు చాలును. మామిడిరసపు మరకలు పోవు. పోవలెనని నాకును లేదు.

“ఈ కాలపు పిల్లలు చదువరండి, సెల్లు తప్ప వారికి మరియేమియు అక్కరలేదు” అని విద్యావంతులగు పెద్దలు నాతో తరచుగ అనుచుందురు. అప్పుడెల్ల నాకు మా పాలమూరు సీమకే చెందిన సురవరము ప్రతాపరెడ్డిగారు జ్ఞప్తికి వత్తురు. తెలంగాణమున కవులు లేరను మాట పుట్టినప్పుడు, ఇటిక్యాలపాడు వాస్తవ్యుడగు ఆ మహనీయుడు కేవలము వాదమునకు దిగక, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించి, 354 మంది కవులను పేరుపేరున ఎదుట నిలిపెను. లేరనుట సులభము, లెక్కించుట కష్టము. లెక్కించినవాని ముందు లేరనిన మాట నిలువలేదు.

నా యొద్దను అట్టి సంచిక ఒకటి కలదు. అది గోలకొండ సంచికవలె ఘనమైనది కాదు. కిరాణా దుకాణములో కొన్న రూళ్ళ నోటుబుక్కు. పుస్తకము తీసికొనిపోవు ప్రతి బిడ్డయు అందు తన చేతితోనే తన పేరును, పుస్తకము పేరును వ్రాయవలెను. ఇదొక్కటియే నేను నేటికిని సడలింపని నియమము. మొదటి పుటలలో దీర్ఘములు లేవు, ఒత్తులు తలక్రిందులుగ నున్నవి. చివరి పుటలకు వచ్చునప్పటికి అవి తమ తమ చోట్లకు చేరుకొన్నవి. నేనొక్క అక్షరమునైనను ఎర్రసిరాతో దిద్దలేదు. పిల్లలు చదువరను పెద్దలు మన్ననూరు వచ్చినచో, వాదింపక ఆ నోటుబుక్కును వారి చేతికిత్తును.

చదువరులకు నా విన్నపమొక్కటే. మీ ఇంట ఐదారేండ్లనుండి పదేండ్లవరకు వయసుగల బిడ్డ ఉన్నచో, వేసవి సెలవులలో ఒక పలుచని పుస్తకమును పైకి చదివి వినిపింపుడు. ముగిసిన పిదప ప్రశ్న వేయకుడు. మాకు పుస్తకములు పంపదలచినచో మీ బిడ్డ విడువలేక విడిచిన పుస్తకమునే పంపుడు; డైరీలు వలదు.

మొన్న జూన్ 12వ తేదీన బడి తెరచిరి. దండెము విప్పి పుస్తకములు లెక్కించితిని, ఒకటి తక్కువైనది. నోటుబుక్కు చూడగా అది తాడు పట్టిన మనిషి బొమ్మగల పుస్తకమే. అందు కడపటిగ పేరు వ్రాసినది కిరాణా దుకాణమువారి బాలిక. ఇంకను తిరిగి ఇయ్యలేదు. నేను అడుగలేదు.