కాలేయమునకు ఒక్క అంకె చాలునా?

కాలేయ వ్యాధిని నిర్ధారించుటకు వైద్యులు చిరకాలముగా సన్నని సూదితో ఆ అవయవమునుండి చిన్న ముక్కను తీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించుచున్నారు. దీనినే బయాప్సీ అందురు. ఆ ముక్క మొత్తము కాలేయములో సుమారు 50,000వ వంతు మాత్రమే. పైగా నొప్పి గలదు. అరుదుగా రక్తస్రావము కూడ కలుగవచ్చును.

సూది గ్రుచ్చకుండ కాలేయస్థితిని అంచనా కట్టుటకు వచ్చిన సాధనములలో లివర్‌మల్టీస్కాన్ అను సాఫ్ట్‌వేర్ ఒకటి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధనలనుండి పుట్టిన పర్‌స్పెక్టమ్ కంపెనీ దీనిని తయారుచేసినది. 2015లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనిని అనుమతించినది. ఇది చిత్రమును తీయదు, ఎం.ఆర్.ఐ. యంత్రము తీసిన చిత్రములనుండి అంకెలను గణించును.

ఈ గణనకు ఆధారమేమి? శరీరములోని నీటియందును క్రొవ్వునందును ఉదజని పరమాణువులు గలవు. వాటి కేంద్రకములైన ప్రోటానులు బలమైన అయస్కాంత క్షేత్రములో ఆ క్షేత్ర దిశకు అనుగుణముగా అమరును. రేడియో తరంగములచే వాటిని చెదరగొట్టినచో మరల పూర్వస్థితికి వచ్చుటకు కొంత కాలము పట్టును. దీనిని సూచించు కొలతయే టీ1. వాపువలన గాని, కణజాలము మచ్చకట్టుటవలన గాని టీ1 పెరుగును. ఇనుము అధికమైనచో తగ్గును. కావున వాపును ఇనుమును కలిసియున్న కాలేయము పైకి ఆరోగ్యముగా కనబడవచ్చును. ఈ సాఫ్ట్‌వేర్ ఇనుమును వేరుగా కొలిచి, దాని ప్రభావమును తొలగించి, సవరించిన టీ1ను మిల్లీసెకండ్లలో తెలుపును. ఈ సవరణ నిజముగా మెచ్చదగినది. నీటి ప్రోటానులకును క్రొవ్వు ప్రోటానులకును గల స్వల్పమైన పౌనఃపున్య భేదమును బట్టి క్రొవ్వు శాతమును గూడ ఇచ్చును. 5 శాతము మించినచో దానిని క్రొవ్వు కాలేయముగా భావింతురు.

అయినను ఒక చిక్కు మిగిలినది. సవరించిన టీ1 హెచ్చుటకు వాపు కారణమా, మచ్చకట్టుట కారణమా అని ఆ అంకె చెప్పజాలదు. కొలుచు విధానమువలన క్రొవ్వు కూడ దానిని పెంచగలదు. తెలియని రాశులు మూడు, సమీకరణము ఒకటి అయినచో సాధన దొరకదని ఉన్నత పాఠశాల విద్యార్థి యెరుగును. క్రొవ్వును వేరుగా కొలిచినను రెండు రాశులు మిగులును. వాపు తగ్గవచ్చును, ముదిరిన మచ్చ అంత సులభముగా పోదు. రోగికి ఈ భేదమే ముఖ్యము.

రెండవ చిక్కు పోలికకు సంబంధించినది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ప్రకటించిన పరిశీలనలో 79 మంది రోగుల కొలతలను బయాప్సీతో సరిపోల్చిరి. ఏ పరీక్షకు బదులుగా నిలువదలచెనో, ఆ పరీక్షయే దీనికి కొలబద్ద అయినది. రెండును విభేదించినచో తప్పు ఎందున్నదో తేల్చుట కష్టము. ఏలయన సూది తెచ్చిన ముక్క కాలేయమంతటికి ప్రతినిధి కాకపోవచ్చును.

ఇంగ్లండులో వైద్య పద్ధతుల విలువను నిర్ణయించు నైస్ సంస్థ, క్రొవ్వు కాలేయవ్యాధి విషయమున దీనిని సాధారణ వాడుకకు సిఫారసు చేయుటకు చాలినంత ఆధారము లేదని 2023లో పేర్కొని, మరింత పరిశోధన కోరినది. ఇది సాధనమును త్రోసిపుచ్చుట కాదు. క్రొవ్వును, ఇనుమును కొలుచుటలోను, ఒకే రోగిలో కాలక్రమమున వచ్చు మార్పును గమనించుటలోను దీనికి విలువ గలదు. రక్తపరీక్షలను, రోగి చరిత్రను ప్రక్కనుంచుకొని చదివిన వైద్యునికి ఈ అంకె సాక్ష్యము. తీర్పు మాత్రము కాదు.