పేరడీ : పదార్థ విచారము

పేరడీ యను ఆంగ్లపదము తెలుగు విమర్శలో ప్రవేశించి చాలకాలమైనది. దాని యర్థము మాత్రము నేటికిని స్థిరపడలేదు. నవ్వించు ప్రతి రచనకును, ఎత్తిపొడుపు గల ప్రతి పద్యమునకును ఆ పేరే వాడుచున్నారు. ఈ సాంకర్యము పరిశోధనమునకు హానికరమని మా యభిప్రాయము.

పదమునకు మూలము గ్రీకు. పాటకు ప్రక్కన, లేదా ఎదురుగా, నిలుచు పాట యని వ్యుత్పత్తి. థాసోస్ వాసియగు హెగెమోను పేరడీలను మొదట రచించెనని అరిస్టాటిలు పేర్కొనెను. మన భరతుడును శృంగారానుకృతియే హాస్యమని చెప్పియున్నాడు. అయితే భరతుడు చెప్పిన యనుకృతి రసమునకు సంబంధించినది. పేరడీలోనిది ఒకానొక రచనయొక్క నడకకు, పలుకుబడికి సంబంధించినది. ఈ భేదమును మరువరాదు.

ఓరుగంటికి సంబంధించిన కృతినే ఉదాహరణముగా గైకొందము. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున మంచనశర్మయు టిట్టిభసెట్టియు కాకతీయుల రాజధానిలో విహరింతురు. అందు పరిహాసమునకు కొదువలేదు. కాని ఆ నవ్వునకు గురి లోకవృత్తము. మరియొక కవి శైలి కాదు. దానికి మూలమైన సంస్కృత ప్రేమాభిరామము నేడు అలభ్యము. అయినను క్రీడాభిరామము మనలను నవ్వించుచునే యున్నది. పేరడీకి ఇట్టి స్వాతంత్ర్యము లేదు. మూలము మరుగుపడిననాడు అదియు మూగపోవును.

జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914-1968) రచన ఇందుకు నిదర్శనము. 1950లో గ్రంథరూపమందిన మహాప్రస్థానమున జయభేరి గీతము కలదు. అందలి 'నేను' విశ్వవేదనలో పాలుపంచుకొను వీరుడు. శాస్త్రిగారు ఆ నడకను చెడకుండ నిలిపి, ఆ వీరునిచే కిళ్ళీకొట్టు పాతబాకీలు తీర్పించిరి. మూలమెరుగని పాఠకునకు అది వట్టి బాకీల ముచ్చట. ఎరిగినవానికి ఉదాత్తస్వరమునకును అల్పవిషయమునకును నడుమగల దూరమే హాస్యకారణము. ఇందు శ్రీశ్రీకి లాఘవము కలుగలేదు. రెండు పాదములు వినగానే గుర్తింపదగిన శైలి గల కవికే పేరడీ పొసగును. ఆ శైలికి ఆయువుపట్టు ఉత్తమపురుషయొక్క ఉద్ఘోషయని పేరడీకారుడు ఒక్క వ్యాఖ్యావాక్యమైన లేకుండ చూపినాడు. కనుక ఇది విమర్శయే.

ద్వేషముతో వ్రాసిన పేరడీలు లేకపోలేదు. కాని ద్వేషము ఆగంతుకము, అనుకృతి స్వభావము. వ్యంగ్యానుకరణమను అనువాదమును కొందరు వాడుదురు. అలంకారశాస్త్రమున వ్యంగ్యమనగా ధ్వనించు నర్థము కావున ఆ పేరు భ్రాంతికి తావిచ్చును. హాస్యానుకృతి యనుట మేలు. లేదా పేరడీ యనియే యుంచవచ్చును.

పేరు ఏదైనను, ఒక రచనను పేరడీగా పరిగణించుటకు ముందు దాని మూలమేదియో, అందలి ఏ లక్షణము అనుకృతమైనదో పరిశోధకుడు చూపవలెను. సంకలనకర్తలును పేరడీ ప్రక్కన మూలమును ముద్రింపవలెను. లేనిచో రాబోవు పాఠకులకు మాటలు మిగులును గాని నవ్వు మిగులదు.