రబ్బరుకు నూనె పట్టించొద్దు

గుంటూరు నుంచి పెదనందిపాడు మీదుగా పర్చూరు వెళ్లే దారిలో కారు వెనక సీట్లో కూర్చుంటే నల్లరేగడి నేల ఎలాంటిదో నడుముకు తెలుస్తుంది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. దాని మీద ఎంత తారు పోసినా రోడ్డు ఎక్కువ కాలం సమంగా నిలవదు. పత్తి ట్రాక్టర్లు, మిర్చి టిక్కీలతో యార్డుకు పోయే లారీలు మిగతా పని పూర్తి చేస్తాయి. ఇలాంటి దారుల్లో ఏళ్ల తరబడి తిరిగిన పాత మారుతి 800 వెనకనుంచి టక్కు టక్కుమని చప్పుడు వస్తుంటే ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు.

మా ఇంట్లో ఉన్నదీ అదే కారు. మొన్న సంక్రాంతి వెళ్లాక ఇంటి ముందు వేపచెట్టు కింద నిలిపి, దాని వెనక కడ్డీల రబ్బరు బుష్‌లు మేమే మార్చుకున్నాం. ఆ పని గురించి రాయాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను.

వెనకనుంచి చప్పుడు రాగానే చాలామంది షాకబ్జర్లు మార్పిస్తారు. డబ్బు పోతుంది గానీ చప్పుడు మాత్రం పోదు. అది ఎక్కణ్నుంచి వస్తుందో తెలియాలంటే ఈ కారు వెనక ఇరుసును ఏది పట్టి ఉంచుతుందో చూడాలి. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మొదటి మారుతికి అంబాసిడర్‌కు లాగే వెనక కమాన్ కట్టలుండేవి. 1986లో కొత్త బాడీతో పాటు కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. కమాన్ కట్ట బరువూ మోస్తుంది, ఇరుసును దాని చోట పట్టి కూడా ఉంచుతుంది. కాయిల్ స్ప్రింగు మోయడం వరకే. అందుకని ఇరుసు ముందుకూ వెనక్కూ పోకుండా రెండు ట్రైలింగ్ ఆర్ములు, పక్కకు జరగకుండా ఒక అడ్డకడ్డీ పెట్టారు. ఈ అడ్డకడ్డీనే లేటరల్ రాడ్ అంటారు, ఫ్రెంచి కార్ల కంపెనీ పేరు మీద పాన్‌హార్డ్ రాడ్ అని కూడా అంటారు. కడ్డీలు ఎలాగూ ఉక్కువే. అరిగేది వాటి కొసల్లో ఉండే రబ్బరు బుష్‌లు.

ఈ బుష్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే మిగతా పనంతా దానంతటదే అర్థమవుతుంది. లోపలొక ఉక్కు గొట్టం, బయటొక ఉక్కు గొట్టం, మధ్యలో ఆ రెంటినీ అంటిపెట్టుకున్న రబ్బరు. బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్టుకు బిగుసుకుపోతుంది. ఇక అది తిరగదు. చక్రం గుంటలో దిగి లేచినప్పుడల్లా మధ్యనున్న రబ్బరే మెలిపడి మళ్లీ సర్దుకుంటుంది. వెనక సీటు మడిచి 50 కిలోల డీఏపీ కట్టలు నాలుగు వేసుకుని డొంకదారిన పొలానికి పోయినప్పుడు ఆ మెలి ఎంత పడుతుందో ఊహించండి. చివరికి రబ్బరు నెర్రెలిచ్చి గొట్టాన్ని వదిలేస్తుంది. అప్పుడు ఇనుము ఇనుముకు కొట్టుకుంటుంది. మలుపుల్లో బండి తోక ఊపినట్టవుతుంది.

పనికి దిగేముందు ఒక్క మాట. హ్యాండ్‌బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే. వాటిని పైకి లేపాక దాని పట్టు ఉండదు. ముందు చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి, గేరులో ఉంచాలి, బాడీ కింద గట్టి స్టాండ్లు ఆనించాలి. ఒట్టి జాకీ మీద నిలబడ్డ కారు కిందికి ఎవరూ దూరకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడను.

ఇరుసు కింద జాకీని ఆనించే ఉంచాలి. లేకపోతే దాని బరువు బ్రేకు గొట్టం మీద పడొచ్చు. రెండు ఆర్ములూ ఒకేసారి విప్పకుండా ఒకటి పూర్తిచేసి రెండోదానికి పోతే ఇరుసు చోటు తప్పదు. అసలు కష్టం తుప్పు దగ్గర. బోల్టు బుష్ లోపలి గొట్టంలో అంటుకుపోయి, నట్టు ఊడొచ్చినా తాను మాత్రం కదలదు. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే మందు కొట్టి ఉంచితే కొంత నయం. గ్యాసు మంట పెడదామని మాత్రం అనుకోవద్దు, పెట్రోలు ట్యాంకు అక్కడే ఉంది. పాత బుష్ ఊడదీసి కొత్తది ఎక్కించడానికి లేతు షెడ్డులో ప్రెస్సు ఉంటుంది. ఈ ఒక్క పనికీ ఆటోనగర్‌కు పోవడంలో తప్పేమీ లేదు.

మా వీధి చివర ట్రాక్టర్లు బాగుచేసే పెద్దాయన సాయంత్రం వచ్చి చూసి, “కాస్త గ్రీజు పెట్టండి సార్, చప్పుడు పోద్ది” అన్నాడు. ఆయన మాట ఊరికే వచ్చింది కాదు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని సామెత చెప్పుకున్న జాతి మనది. ఎక్కడ కిర్రుమన్నా నూనె చుక్క వేయడం తాతలనాటి అలవాటు. ఎడ్లబండి ఇరుసు మీద చక్రం తిరుగుతుంది కాబట్టి అక్కడ కందెన కావాలి. ఇక్కడ తిరిగేదేమీ లేదు. పైగా నూనె తగిలితే ఈ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పట్టు వదిలేస్తుంది. బుష్ ఎక్కించేటప్పుడు జారడానికి సబ్బు నీళ్లు చాలు. ఇదంతా చెబితే ఆయన శ్రద్ధగా విన్నాడు. విప్పి పడేసిన పాత బుష్ తీసుకుని వేలితో నొక్కి చూశాడు. ఉబ్బిన రబ్బరు పొరలు పొరలుగా ఊడొచ్చింది. “నిజమే సార్” అన్నాడు.

ఇక బిగింపు. చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులు పూర్తిగా బిగించేయడం చాలా షెడ్లలో చూస్తాం. అలా బిగిస్తే కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, బండి ఊరికే నిలబడి ఉన్నా ఆ మెలిలోనే ఉండిపోతుంది. కొత్త బుష్ తొందరగా చిరిగిపోవడానికి అదొక్కటి చాలు. చేతి బిగువు వరకే తిప్పి, కారును నాలుగు చక్రాల మీద నిలబెట్టి, వెనక రెండుమూడు సార్లు అదిమి వదిలి, ఆ బరువు మీద ఆఖరి బిగింపు ఇవ్వాలి. ఇంట్లో చేసుకోవడంలో నాకు కనిపించిన అసలు లాభం ఇదే. తొందరపెట్టేవాళ్లు లేరు గనక ఈ చివరి పని వదిలేయాల్సిన అవసరం రాదు.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటర్ సర్వీసింగు అయ్యాక తుప్పు పట్టకుండా అడుగున డీజిలో, వాడేసిన ఇంజనాయిలో కొట్టడం మన దగ్గర వాడుక. బాడీ రేకుకు అది ఎంత మేలు చేస్తుందో గానీ రబ్బర్లన్నిటినీ తినేస్తుంది. ఈసారి మీ కారు సర్వీసింగుకు ఇచ్చినప్పుడు అడుగున నీళ్లతో కడిగి వదిలేయమనండి, ఆయిలు కొట్టొద్దని గట్టిగా చెప్పండి.