భోజనశాలలో మర్యాద, మంచినీళ్ల దగ్గర వెలి: గాంధీ, అంబేడ్కర్ ఆత్మకథనాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఉద్యోగస్థలంలో, వృత్తిశిక్షణ సంస్థలో కలిసి తినే సందర్భం మనిషి సామాజిక స్థాయిని నిర్ణయించే పరీక్షగా మారుతుంది. గాంధీ 'సత్యశోధన'లోని లండన్ అధ్యాయాలను, అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లోని బరోడా, బోర్సద్ ఘట్టాలను పక్కపక్కన ఉంచి ఈ వ్యాసం ఆ పరీక్ష స్వభావాన్ని పరిశీలిస్తుంది. నేర్చుకుంటే అబ్బే మర్యాద ఒకటి, ఎంత నేర్చినా తొలగని వెలి మరొకటి. ఈ రెండింటినీ 'భోజన మర్యాద' అనే ఒక్క మాట కింద చేర్చడం విమర్శలో పొరపాటుకు దారితీస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పంక్తి, వెలి, భోజన మర్యాద, వర్గం, కులం, ఆత్మకథ, ఉద్యోగస్థలం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'బంతి' అనే మాట 'పంక్తి'కి తద్భవం. బంతిభోజనం, కడబంతి, బంతిలో వలపక్షం వంటి వాడుకలన్నీ భోజనానికి కూర్చున్న వరుసను సమాజానికి నమూనాగా తీసుకున్నవే. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అనే సామెతలో రెండు సత్యాలు ఇమిడి ఉన్నాయి. వరుసలో చోటు అందరికీ సమానం కాదనేది ఒకటి. వడ్డించే చేతితో సంబంధం ఉంటే ఆ అసమానతను దాటవచ్చుననేది రెండవది. అయితే బంతిలో కూర్చోనివ్వని మనిషి గురించి ఈ సామెత ఏమీ చెప్పదు. అతనికి కడబంతి కూడా లేదు. ధర్మశాస్త్రాలు అటువంటివారిలో కొందరిని 'అపాంక్తేయులు' అన్నాయి, మరికొందరిని ఆ జాబితాలోనైనా చేర్చలేదు.

పాశ్చాత్య సామాజికశాస్త్రంలో భోజన మర్యాదలపై ప్రసిద్ధమైన రెండు గ్రంథాలున్నాయి. నోర్బర్ట్ ఎలియాస్ 1939లో ప్రచురించిన 'నాగరకతా ప్రక్రియ' గ్రంథం, రాజాస్థానాల్లో పుట్టిన భోజన నియమాలు క్రమంగా మధ్యతరగతికి ఎలా దిగివచ్చాయో వివరించింది. పియర్ బోర్ద్యూ 1979 నాటి 'డిస్టింక్షన్'లో, తినే తీరు వర్గానికి గుర్తుగా ఎలా పనిచేస్తుందో ఫ్రెంచి సమాజం ఆధారంగా చూపాడు. ఇద్దరి వాదాలకూ ఆధారం ఒకటే: మర్యాద నేర్చుకునేది. చిన్ననాటినుంచి ఇంట్లో నేర్చినవాడు సహజంగా కనిపిస్తాడు, ఆలస్యంగా నేర్చినవాడు తడబడతాడు. ఈ సూత్రం భారతీయ ఉద్యోగస్థలానికి ఎంతవరకు వర్తిస్తుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. లండన్ బల్ల ముందు గాంధీ

గాంధీ 1888 సెప్టెంబరు 4న బొంబాయి నుంచి ఓడ ఎక్కాడు. కత్తి, ముల్లుగరిటె పట్టడం తెలియదు. ఏ పదార్థంలో మాంసం లేదో అడిగే ధైర్యం లేదు. అందువల్ల ఓడలోని భోజనపు బల్ల దగ్గరకు వెళ్లక, వెంట తెచ్చుకున్న మిఠాయిలు, పండ్లతో గదిలోనే కడుపు నింపుకున్నాడు. లండన్ చేరాక ఒక మిత్రుడు అతణ్ణి హోబర్న్ రెస్టారెంటుకు తీసుకువెళ్లాడు. సూపు వచ్చినప్పుడు అందులో మాంసం ఉందేమోనని వడ్డించేవాణ్ణి పిలిచి అడగబోవడం ఆ మిత్రుడికి తలవంపుగా తోచింది. ఇటువంటి సభ్యసమాజంలో మెలగడం రాకపోతే బయటికి వెళ్లమన్నాడు. గాంధీ బయటికి నడిచాడు. దగ్గరలోని శాకాహారశాల అప్పటికే మూసి ఉండటంతో ఆ రాత్రి పస్తున్నాడు.

ఈ ఘట్టానికి తరువాతి పరిణామమే విమర్శకుడికి ముఖ్యం. మాంసం తినని లోటును 'పెద్దమనిషి'గా మారి పూడ్చుకోవాలని గాంధీ నిశ్చయించుకున్నాడు. బాండ్ స్ట్రీటులో సూటు కుట్టించుకున్నాడు. నాట్యం, ఫ్రెంచి, వయొలిను, ఉపన్యాసకళ నేర్చుకోబోయాడు. ఈ మోజు సుమారు మూడు నెలలు సాగింది. ఆ తరువాత దాన్ని వదిలేయడం కూడా అతని నిర్ణయమే. ప్రవేశించే ప్రయత్నం, విరమించే స్వేచ్ఛ రెండూ అతని చేతిలో ఉన్నాయి.

బారిష్టరు పట్టా విషయంలో భోజనం అక్షరాలా అర్హతగా మారింది. గాంధీ చేరిన ఇన్నర్ టెంపుల్ వంటి న్యాయవిద్యా సంస్థలలో పరీక్షలు ప్యాసైతే సరిపోదు. మొత్తం 12 టర్ములు పూర్తి చేయాలి. ఒక్కొక్క టర్ములో జరిగే సుమారు 24 విందులలో కనీసం 6 విందులకు హాజరుకావాలి. తినడం తప్పనిసరి కాదు. వేళకు వచ్చి విందు ముగిసేదాకా కూర్చోవడమే నియమం. నలుగురికి రెండు సీసాల సారాయం ఇచ్చేవారు. గాంధీ తాగడు గనుక అతడున్న బల్లకు గిరాకీ ఎక్కువ. బెంచర్లు అనే పెద్దలకు వేరే బల్ల, మెరుగైన వడ్డన ఉండేవి. గాంధీ, శాకాహారి అయిన ఒక పారసీ విద్యార్థి కలిసి అర్జీ పెట్టుకోగా, బెంచర్ల బల్లకు వెళ్లే పండ్లు, కూరలు వారికీ వచ్చాయి.

ఇందులో గుర్తించదగిన అంశం అర్జీ. పైబల్లకు, కిందిబల్లకు మధ్య భేదం ఉన్నా, దాన్ని దాటే కాగితపు దారి ఒకటి ఉంది. ఈ విందులు న్యాయవాద వృత్తికి ఏ అర్హత కలిగిస్తాయో తనకు అర్థం కాలేదని గాంధీ రాశాడు. పూర్వం విద్యార్థులు తక్కువగా ఉన్నప్పుడు పెద్దలతో సంభాషణ ద్వారా లోకజ్ఞానం, నాగరక ప్రవర్తన అబ్బేవని, తన కాలానికి అది పోయి ఆచారం మాత్రం మిగిలిందని అతని పరిశీలన. ఆచారం నిష్ప్రయోజనమైనా పట్టా మాత్రం దక్కింది. 1891 జూన్ 10న గాంధీ బారిష్టరయ్యాడు.

తెలుగువారికి ఈ ప్రపంచం కొత్తది కాదు. టంగుటూరి ప్రకాశం ఇంగ్లండులో బారిష్టరు చదివినవాడే. మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిష్టరు పార్వతీశం' తెలుగు పాఠకులను నవ్వించింది తెలియని మర్యాదల మధ్య పడిన యువకుడి తికమకతోనే. ఆ నవ్వు సాధ్యం కావడానికి కారణముంది. పార్వతీశం తెలియనితనం తీరేది. ఇవాళ తడబడినవాడు రేపు కుదురుకుంటాడని పాఠకుడికి ముందే తెలుసు. నేర్చుకునే అవకాశం ఉన్నచోటే హాస్యానికి చోటుంటుంది.

3. వెలి నుంచి తిరిగివచ్చే దారి

గాంధీకి పంక్తిబాహ్యత తెలియదని చెప్పడం సరికాదు. సముద్రం దాటినందుకు మోఢ్ బనియా కులపెద్దలు అతణ్ణి వెలివేశారు. తిరిగివచ్చాక కూడా ఆ వెలి పూర్తిగా తొలగలేదు. అత్తమామలు, అక్కాబావలు చాటుగా అతిథిమర్యాద చేయడానికి సిద్ధపడినా, కులనియమాన్ని గౌరవించి వారి ఇళ్లలో మంచినీళ్లు కూడా ముట్టలేదని అతడు రాసుకున్నాడు. అంతకుముందే అన్నగారు అతణ్ణి నాసిక్ తీసుకువెళ్లి నదీస్నానం చేయించి, రాజ్‌కోట్‌లో కులస్థులకు విందు ఇచ్చాడు.

ఆ విందు ఫలితం పాక్షికమే కావచ్చు. అయినా వెలి పడినవాడికి ప్రాయశ్చిత్తం అనే దారి, తిరిగి చేర్చుకునే బంతి అనే స్థలం ఉన్నాయి. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహానంతరం అందులో పాల్గొన్నవారు ఎదుర్కొన్న వెలి కూడా ఇటువంటిదే. అది తీవ్రమైనది, బాధాకరమైనది. కాని చేసిన పనికి వేసిన శిక్ష అది, పుట్టుకకు వేసినది కాదు. ఈ తేడాను గుర్తించకపోతే తరువాతి గ్రంథాన్ని సరిగా చదవలేము.

4. బరోడా: నేర్చిన మర్యాద పనికిరాని చోటు

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చిన్న గ్రంథం. అంటరానితనం ఉందని విదేశీయులకు తెలిసినా, అది ఎలా ఉంటుందో వారు ఊహించలేరనే ఎరుకతో అంబేడ్కర్ సాధారణ వర్ణనను కాదని సంఘటనలను ఎంచుకున్నాడు. కొలంబియా విశ్వవిద్యాలయంలో, లండన్‌లో చదివి వచ్చి బరోడా సంస్థానంలో అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ప్రొబేషనరుగా చేరాడు. అయిదేళ్ల విదేశవాసం తాను అంటరానివాడననే స్పృహనే తుడిచివేసిందని అతడే చెప్పాడు. భోజన మర్యాద వర్గప్రవేశానికి తాళంచెవి అయితే, అది అతని వద్ద ఉంది.

బరోడాలో అడుగుపెట్టగానే ఆ తాళంచెవి పనిచేయలేదు. హిందువుల హోటళ్లలో చోటు దొరకదని తెలిసి, పారసీ పేరుతో పారసీల సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకున్న పారసీలు డజనుమంది వచ్చి సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఆశ్రయం కోసం హిందూ మిత్రుణ్ణి అడిగితే, నువ్వొస్తే నా నౌకర్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ మిత్రుడు భార్య అభ్యంతరాన్ని సాకుగా చూపాడు. రైలు వేళ వరకు ఒక ఉద్యానవనంలో కూర్చుని, అతడు బరోడా విడిచాడు. కార్యాలయంలో బంట్రోతులు కాగితాలు అతని బల్లమీదికి దూరం నుంచి విసిరేవారని, తాగడానికి నీరు దొరికేది కాదని జీవితచరిత్రకారులు నమోదు చేశారు.

ఇక్కడ వర్గశ్రేణి తలకిందులవడం గమనించాలి. జీతంలో, చదువులో, హోదాలో అంబేడ్కర్ కంటే ఎంతో కింద ఉన్న బంట్రోతు అతణ్ణి దూరంగా ఉంచగలిగాడు. బోర్ద్యూ చెప్పిన సాంస్కృతిక మూలధనం ఈ లెక్కలో కుదరదు. ఆ మూలధనం ఉన్నవాడే ఇక్కడ వెలుపల నిలబడ్డాడు.

5. బోర్సద్: నీళ్లు పోసే చెయ్యి

గ్రంథం చివరి ఘట్టం అంబేడ్కర్ స్వానుభవం కాదు, ఒక భంగీ యువకుడి సాక్ష్యం. 1935లో గుజరాత్‌లోని బోర్సద్‌లో తలాటీగా, అంటే గ్రామ రెవెన్యూ ఉద్యోగిగా నియమితుడైన ఆ యువకుడు మామ్లత్‌దారు కచేరీలో చేరాడు. దాహం వేస్తే అతడు కుండలను ముట్టరాదు. నీళ్లు పోసే మనిషి ఉండాలి. అతడు లేనప్పుడు మిగిలిన గుమాస్తాలు స్వయంగా ముంచుకుని తాగుతారు, ఇతనికి ఆ వీలు లేదు. తనకని విడిగా పెట్టిన తుప్పుపట్టిన చిన్న పాత్రలోకి ఆ మనిషి పైనుంచి నీరు వంచాలి. ఆ పని ఇష్టం లేక, ఇతడు రావడం చూసి అతడు తప్పుకునేవాడు. నీళ్లు దొరకని రోజులు తక్కువేమీ కావని ఆ యువకుడి మాట. చివరకు గ్రామస్థుల బెదిరింపులతో ఉద్యోగం వదులుకున్నాడు.

ఈ కథనాన్ని తెలుగులో చెప్పబోతే వాక్యనిర్మాణమే అసలు విషయాన్ని బయటపెడుతుంది. మిగిలిన గుమాస్తాల గురించి 'తాగారు' అంటే చాలు, కర్తా క్రియా సరిపోతాయి. ఈ యువకుడి విషయంలో 'ఆ మనిషి ఉంటే, అతడు పోస్తే, తాగవచ్చు' అని రెండు చేదర్థకాలు ముందు నిలవాలి. అంబేడ్కర్ తన బాల్యంలో చూసిన బడిలోనూ ఇదే నిర్మాణం. బంట్రోతు వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు. లండన్‌లో గాంధీ పస్తున్న రాత్రి వాక్యం వేరు: అడిగాడు, లేచాడు, పస్తున్నాడు. ఆకలి ఇద్దరిదీ. ఆ ఆకలికి గాంధీ తానే కర్త. బోర్సద్ యువకుడి దాహానికి కర్త మరొకడు.

గాంధీ ప్రశ్న పదార్థం గురించి: ఇందులో ఏముంది? అంబేడ్కర్ గ్రంథంలోని ప్రశ్న మనిషి గురించి: దీన్ని ఎవరు ముట్టారు? మొదటి ప్రశ్నకు సమాధానం మర్యాదగా చెప్పవచ్చు, వేరే వంటకం తెప్పించవచ్చు. రెండో ప్రశ్నను మర్యాద అనే మాట కప్పిపుచ్చగలదేగాని పరిష్కరించలేదు.

6. చట్టం, నేటి భోజనశాల

స్వతంత్ర భారతం ఈ రెండు సమస్యలనూ వేర్వేరు చట్టాలలో తడిమింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి కార్మికులున్న కర్మాగారాల్లో క్యాంటీను ఏర్పాటుకు, 150 మందికి మించి ఉన్నచోట ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం తినడానికి మంచినీటి వసతి గల భోజనపు గది ఏర్పాటుకు నియమాలు పెట్టింది. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి చట్టం, 1976 తరువాత పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మారినది, హోటళ్లలో పాత్రల వాడకాన్ని అంటరానితనం పేరుతో అడ్డుకోవడాన్ని నేరంగా నిర్వచించింది. గది కల్పించడం మొదటి చట్టం పని. ఆ గదిలోని గ్లాసు అందరిదని చెప్పడం రెండో చట్టం పని. తెలుగు పల్లెల్లోని టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతిపై జరిగిన పోరాటాలు, గ్లాసు గురించి చట్టం చెప్పింది దానంతట అది అమలు కాదని చూపాయి.

నేటి కళాశాలల్లో ఉద్యోగశిక్షణ పేరిట చెంచా, ముల్లుగరిటె పట్టే తీరు నేర్పుతున్నారు. దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. మొదటి తరం చదువరి కొత్త బల్ల ముందు బిగుసుకుపోకుండా ఉండటానికి అది సాయపడుతుంది. గాంధీ ఓడలో గది దాటకపోవడానికి కారణం ఆ శిక్షణ లేకపోవడమే. అయితే ఆ శిక్షణ ఎవరు ఎలా తినాలో చెబుతుందిగాని, ఎవరి క్యారేజీ మూత తీయగానే పక్కవాళ్లు కుర్చీ జరుపుకుంటారో చెప్పదు. ఊడ్చి తుడిచే మనిషి అదే గదిలో ఎందుకు తినడో కూడా చెప్పదు. కూర వాసన గురించిన 'మర్యాద', విడి గ్లాసు గురించిన 'శుభ్రత' ఏ ప్రశ్నను దాస్తున్నాయో అడగవలసిన బాధ్యత విమర్శకు ఉంది.

7. ముగింపు

రెండు గ్రంథాల మధ్య పోలికకు హద్దులున్నాయి. 'సత్యశోధన' నిడివైన ఆత్మకథ, ఆత్మపరీక్ష దాని లక్ష్యం. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' ఎంపిక చేసిన సాక్ష్యాల కూర్పు, లోకానికి చూపడం దాని లక్ష్యం. ఒకదానిలో హాస్యం ఉండటం, మరొకదానిలో లేకపోవడం కొంతవరకు ఈ ప్రక్రియాభేదం వల్లనే. అయినా కారణం అంతా ప్రక్రియ కాదు. తన తడబాటును చూసి తాను నవ్వుకోగలిగేది బల్ల దగ్గర కుర్చీ దక్కినవాడే.

భోజన మర్యాదను వర్గచిహ్నంగా చదివే పద్ధతి తెలుగు కథ, నవల, ఆత్మకథల అధ్యయనంలో ఉపయోగపడుతుంది. అయితే ప్రతి ఘట్టంలోనూ ముందుగా తేల్చుకోవలసినది ఒకటుంది: ఆ పాత్రకు తెలియనిది తినే తీరా, లేక దొరకనిది తినే చోటా? తీరు తెలియనివాడి కథను ఎలియాస్, బోర్ద్యూల సాయంతో వివరించవచ్చు. చోటు దొరకనివాడి కథకు వివరణ బోర్సద్ కచేరీలోని ఆ తుప్పుపట్టిన పాత్ర దగ్గర మొదలుకావాలి.